కంటి ఫొటోకి కాటుక

పెళ్ళయి ఒడిశాలో తెరుబలి ఫ్యాక్టరీ క్వార్టర్సుకి కాపురానికి వచ్చిన మర్నాడు పొద్దున్న మా అత్త నన్ను చూసి అన్న మొదటి మాట, "ఏటే ఆ బొట్టు? పక్కకెల్లిపోనాది."

ఆవిడ నాకు కొత్త మనిషేం కాదు, సొంత మేనత్త. గుణుపురం దగ్గర మా నాన్న పొలం గట్ల మీద నన్ను చంకనేసుకు తిరిగిన మనిషి. ఆ చనువుతోనే ఆవిడ అనేది, ఆ చనువుతోనే నేనూ ఎదురు చెప్పేదాన్ని. మా ఆయన ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. పొద్దుటి షిఫ్టయితే తెల్లారేసరికి కేరేజీ కట్టి చేతిలో పెట్టాలి. ఆ హడావుడిలో అద్దం ముందు నిలబడే తీరిక ఎవరికుంది? స్టిక్కరు నుదుటి మీద ఒక్క నొక్కు నొక్కేసి వంటింట్లోకి పరిగెత్తేదాన్ని. అది ఎప్పుడూ ఎడమ పక్కకే పోయేది. ఆవిడ ఎప్పుడూ అదే మాట అనేది. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. పైకి ఏదో ఒకటి అనేసి, మిగిలింది గిన్నెల మీద చూపించేదాన్ని. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అంటారే, మా ఇంట్లో అది సామెత కాదు, నిజంగానే సత్తు గిన్నెలకి సొట్టలు పడ్డాయి.

అలా ఏళ్ళకేళ్ళు గడిచాక, ఒక ఏడాది ఆవిడ ఆ మాట మానేసింది. నేను వెంటనే గమనించలేదు. ఒకరోజు కూర తరుగుతుంటే తట్టింది, ఈమధ్య బొట్టు గురించి ఒక్క మాటా రాలేదని. మా ఆయనతో గొప్పగా చెప్పాను, మీ అమ్మ మారిపోయింది, నేనెలా ఉన్నా ఇప్పుడు నచ్చుతున్నానని. ఆయన పేపరు లోంచి తల ఎత్తకుండా, పెద్దదైపోయింది కదా అన్నాడు. నాకు మాత్రం పండగలాగే ఉంది. అద్దం చూసుకోవడం అసలే మానేశాను.

మా అత్తకి మా క్వార్టర్ల లైనులో పేరు తెచ్చింది కాటుక. ఆవిడ చేతి కాటుక పెట్టుకోని ఆడపిల్ల మా లైనులో లేదు. పాత నూలు గుడ్డ చింపి నందివర్ధనం పూల రసంలో నానబెట్టి, నీడన ఎండబెట్టి, వత్తి చేసి ఆముదంలో వెలిగించేది. దాని మీద ఇత్తడి పళ్ళెం బోర్లించి, పట్టిన మసిని తమలపాకు ఈనెతో గీకి, నెయ్యి చుక్క వేసి నూరేది. తెలుగు ఇళ్ళే కాదు, ఒరియా వాళ్ళు, బెంగాలీ వాళ్ళు కూడా పురుళ్ళకి భరిణె పట్టుకుని వచ్చేవాళ్ళు. పసిపిల్లకి మొదటి దిష్టి చుక్క మా అత్త వేలితోనే పడాలి. బుగ్గ మీద ఒకటి, అరికాల్లో ఒకటి. పైసా తీసుకునేది కాదు. ఎవరి పిల్ల ఎదురైనా ఆ చుక్క చూసి, ఇది నా చేతిదే అని చెప్పగలిగేది. అదే ఆవిడ గర్వం, ఆవిడ ఉద్యోగం, ఆవిడ పింఛను.

అలాంటి రోజుల్లో కాలనీ క్లబ్బు హాల్లో కంటి శిబిరం పెడుతున్నామని మైకులో చెప్పారు. షుగరు ఉన్నవాళ్ళందరూ రావాలి. కంటి లోపలి పొరని ఫొటో తీస్తారు. ఆ ఫొటోని డాక్టరు చూడడు, ముందు మిషనే చూస్తుంది. వేలకొద్దీ కళ్ళ ఫొటోలు చూపించి దానికి నేర్పించారట. షుగరు వల్ల కంట్లో నరాలు పాడవుతున్నాయో లేదో అక్కడికక్కడే చెప్పేస్తుంది. పాడవుతుంటే ఎర్ర గుర్తు వస్తుంది, అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. లేకపోతే పచ్చ గుర్తు, ఇంటికి పోవచ్చు. పేపర్లో దీన్ని కృత్రిమ మేధ అని రాస్తారు. మా లైనులో అందరూ ఏఐ మిషను అన్నారు. ఏళ్ళుగా షుగరున్న మా అత్త చెవికి అందులో ఒక్క మాటే ఎక్కింది, ఫొటో.

ఫొటో అంటే తయారవ్వాలి కదా. మా వాళ్ళకి అది పుట్టుకతో వచ్చిన బుద్ధి. గుణుపురంలో మా ఇంట్లో ఓటరు కార్డు ఫొటోకి కూడా ఆడవాళ్ళు తలంటు పోసుకుని వెళ్ళారు. ఇక కంటికే ఫొటో అంటే వేరే చెప్పాలా? మా అత్త ముందు రోజు కొత్త కాటుక పట్టింది. పొద్దున్నే తలంటుకుని, కళ్ళు చల్లగా నిగనిగలాడాలని రెండు కళ్ళలోనూ ఆముదం చుక్క వేసుకుని, ఆపైన కాటుక దట్టంగా తీర్చింది. అంతటితో ఆగిందా? భరిణె, ఆముదం సీసా పట్టుకుని లైను చివరిదాకా నడిచి, షుగరున్న ప్రతి ఆడదానికీ చుక్క వేసి, కాటుక పెట్టి వచ్చింది. ఆ పొద్దున్న మా లైను ఆడవాళ్ళు హాలుకి నడుస్తుంటే పెళ్ళికి వెళ్తున్న మగపెళ్ళివారిలా ఉన్నారు. నేను వెనక టిఫిను డబ్బా పట్టుకుని నడిచాను.

మిషను దగ్గర కూర్చున్నది ఒరియా అమ్మాయి. హాలు పక్క గది చీకటి చేసి, చేతిలో పట్టుకునే కెమెరా కంటికి ఆనించి ఫొటో తీస్తోంది. మిషనుకి మాట కూడా ఉంది. "సిధా దెఖంతు" అంటుంది, సూటిగా చూడండి అని. మగవాళ్ళు వరసగా వెళ్ళి వచ్చారు. ఒకరికి ఎరుపు, మిగతావాళ్ళకి పచ్చ. తర్వాత మా ఆడవాళ్ళ వంతు వచ్చింది. మొదటావిడ కూర్చుంది. మిషను చదవలేకపోయింది. రెండో ఆవిడా అంతే. మూడో ఆవిడా అంతే. ఆ అమ్మాయి కెమెరా అద్దం తుడిచింది, ఆపి మళ్ళీ పెట్టింది, ఎవరికో ఫోను చేసి మిషను చెడిపోయిందని చెప్పింది. అవతలివాడు ఎవరైనా మగమనిషి మీద పెట్టి చూడమన్నట్టున్నాడు. హాల్లో కరెంటు పనికొచ్చిన మా ఆయన్ని పిలిచి కూర్చోబెట్టింది. టక్కున పచ్చ గుర్తు వచ్చింది. పాపం, ఆ పిల్ల మొహం చూడాలి. మగవాళ్ళ కళ్ళు చదువుతుంది, తెలుగు ఆడవాళ్ళ కళ్ళు చదవదు, ఇదెక్కడి మిషను అనుకుని ఉంటుంది.

చివరికి ఆమే కనిపెట్టింది. దూది తీసి మా అత్త కన్ను తుడిస్తే దూది నల్లగా, జిడ్డుగా వచ్చింది. వాసన చూసింది. ఇంక ఆపుకోలేక నవ్వింది. మేమూ నవ్వాం. నూనె పొర వల్ల లోపలిదంతా మసగ్గా పడుతోంది, వచ్చే నెల మళ్ళీ వస్తాను, ఉత్త నీళ్ళతో మొహం కడుక్కుని రండి మావుసీ, అంది. ఒరియాలో మావుసి అంటే పిన్ని. మా అత్తకి ఆ పిలుపు నచ్చింది. దారంతా ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకుంటూ నడిచారు. మా అత్త మాత్రం నన్ను రెండుసార్లు అడిగింది, అయితే మిషను నాకేమీ చెప్పలేదా అని. చెప్పలేదు, చదవలేకపోయింది అన్నాను. ఆవిడ తల ఊపి హాయిగా నడిచింది. ఆ హాయి ఏమిటో నాకప్పుడు తెలియలేదు.

తర్వాతి నెల ఆవిడ మొహం నేనే కడిగాను. సున్నిపిండితో రుద్ది, కాటుక మరక లేకుండా తుడిచి, కూడా తీసుకువెళ్ళాను. క్రితంసారి చదవలేకపోయిన ఆడవాళ్ళందరి కళ్ళూ ఈసారి మిషను గడగడా చదివేసింది. మా అత్త వంతు వచ్చేముందు బాత్రూముకి వెళ్ళొస్తానంది. వచ్చి కూర్చుంది. సిధా దెఖంతు అంది మిషను. ఆవిడ సూటిగానే చూసింది. చదవలేకపోయింది. ఆ అమ్మాయి మళ్ళీ మళ్ళీ తీసింది. శిబిరంలో రెండుసార్లు మిషనుకి అందకపోతే మా రాయగడ కంటి కేంద్రంలో ఇంకోసారి తీయాలి, అక్కడా అందకపోతే డాక్టరే చూడాలి, అదే పద్ధతి, తీసుకురండి అని నాతో చెప్పింది. సరేనని మా అత్త చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాను. ఎండలోకి రాగానే ముక్కుకి తగిలింది, ఆముదం. ఆవిడ రొండిన చిన్న సీసా దోపుకుని ఉంది.

నడిరోడ్డు మీద నా నోరు లేచింది. ఏమన్నానో అంతా రాయను, రాస్తే నాకే సిగ్గు. ఆవిడ నా ముందే ఇంటిదాకా నడిచింది. గుమ్మం మెట్టు మీద కూర్చుని, సీసా తీసి పక్కన పెట్టి, అప్పుడు చెప్పింది.

"మా అక్క నీకు గేపకం ఉందా? కళ్ళు సరిగ్గా అవుపడకపోయినా వంట సేసేది, కళ్ళాపి జల్లేది, దూడకి గడ్డేసేది. డాక్టరు సూసి, ఇంక సేసేది లేదమ్మా అన్నాడు. ఆ మర్నాడు మంచమెక్కినాది, మరి దిగలేదు. దాని కళ్ళు తీసినాది జబ్బు కాదే. ఆ మాట."

ఆ అక్క నాకు పెద్దత్త. ఆమె చివరి రోజులు నాకూ గుర్తున్నాయి. గోడకి తిరిగి పడుకునేది. అన్నం కలిపి చేతిలో పెడితే తినేది, లేకపోతే లేదు. కానీ నాకు జాలి కంటే ముందు కోపమే వచ్చింది.

"అది సదవకపోతే జబ్బు పారిపోద్దేటి, అత్తా?"

"పారిపోదు. కానీ దాని పేరు పెట్టి ఎవులూ పిలవరు కదా," అంది.

ఆ పూట ఆవిడ తినలేదు, నేనూ తినలేదు. మా ఆయన ఇద్దరికీ వడ్డించి, ఇద్దరి కంచాలూ మూతపెట్టి డ్యూటీకి పోయాడు. అంతకంటే ఆ మనిషి చేసేది మాత్రం ఏముంది? నేను రాయగడ మాట ఎత్తితే ఆవిడ పోదాం పోదాం అనేది. పండగెళ్ళాక అనేది, మోకాలు తగ్గాక అనేది. మొండితనంలో మా వంశానికి సాటి లేదు. నేను ఆ మొండితనాన్ని తిట్టడానికి కూడా లేదు, నాకూ వచ్చింది ఆ ఇంటి నుంచే.

ఈలోగా మా అమ్మాయి పురిటికొచ్చింది. అల్లుడు డొరగుడలో అల్యూమినా ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆడపిల్ల పుట్టింది. ఉయ్యాల వేసిన రోజు మా లైనంతా మా ఇంట్లోనే ఉంది. మా అత్త ఆ వారమంతా ఇల్లు కదలకుండా కాటుక పట్టింది. ముని మనవరాలి చుక్క కదా. ఊళ్ళో పిల్లలందరికీ పెట్టిన చెయ్యి, ఈసారి సొంత పిల్లకి. కొత్త చీర కట్టుకుని, భరిణె మూత తీసి, వేలికి కాటుక అద్దుకుని ఉయ్యాల మీదికి వంగింది.

వేలు బుగ్గ మీదికి వెళ్ళలేదు. తిన్నగా పిల్ల కంటి మీదికి దిగుతోంది. నేను ఎదురుగా ఉన్నాను కాబట్టి చూశాను. చప్పున ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. వేలు జారి పిల్ల పైపెదవి మీద పొడుగ్గా నల్లటి గీత పడింది. ఎవరో, మీసాలొచ్చేశాయి, ఇది మగరాయుడే అన్నారు. ఇల్లంతా గొల్లున నవ్వింది. మా అత్త కూడా నవ్వింది. ఆ నవ్వు నేను చూశాను, పళ్ళు తప్ప ఇంకేమీ నవ్వలేదు. మా అమ్మాయి పిల్ల మూతి తుడిచి, బుగ్గ మీద చుక్క తానే పెట్టుకుంది. పాటలు పాడారు, శనగలు పంచారు. అందరూ వెళ్ళేదాకా మా అత్త ఉయ్యాల దగ్గరికి మళ్ళీ రాలేదు. పెరట్లో నందివర్ధనం చెట్టు కింద బండ మీద కూర్చుని ఉంది. పిలిస్తే, వస్తానులే అంది.

సాయంత్రం చీర మార్చుకుంటూ అద్దంలో చూసుకున్నాను. చాలా రోజులకి చూసుకోవడం. నా బొట్టు ఎడమ కనుబొమ్మ మీద ఉంది. కొంచెం పక్కకి కాదు, కనుబొమ్మ మీదే. పొద్దుట్నించి అలాగే తిరిగాను. ఇంటినిండా చుట్టాలు, పేరంటాలు. పొద్దున్న నేను ఆవిడకి తలంటు పోసినప్పుడు, ఆవిడ కొత్త చీర కుచ్చిళ్ళు సర్దినప్పుడు, అత్త మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. ఒక్క మాట అనలేదు.

అప్పుడర్థమైంది నాకు. నేను నచ్చడం మొదలవ్వలేదు, కనబడటం మానేశాను. ఏడాదిగా ఆవిడ నన్ను గొంతుతోనూ అడుగుల చప్పుడుతోనూ గుర్తుపడుతోంది. నేనేమో పండగ చేసుకున్నాను. మంచం మీద కూర్చుని చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. బాలింత లేచి ఏమైందమ్మా అంటే, ఉల్లిపాయలన్నాను.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి మా అత్త పెరట్లో కుళాయి దగ్గర ఉంది. సబ్బుతో మొహం కడుక్కుంటోంది. మళ్ళీ మళ్ళీ కళ్ళు కడిగి, తువ్వాలుతో ఒత్తుకుని నా వైపు తిరిగింది. శిబిరం రోజు హడావుడిలో తుడిచానే గానీ, కాటుక లేకుండా ఆవిడ కళ్ళు నేనెప్పుడూ పరకాయించి చూడలేదు. ఎంత చిన్న కళ్ళో. ఏ అలంకారమూ లేకుండా పసిపిల్ల మొహంలా ఉంది.

"పదే," అంది. "సదివించేద్దాం."

రాయగడ కేంద్రంలో అదే అమ్మాయి ఉంది. మమ్మల్ని గుర్తుపట్టి, ముందు మా అత్త దగ్గరగా వంగి వాసన చూసింది. మా అత్తకి నవ్వొచ్చింది, ఈసారి నిజం నవ్వు. సిధా దెఖంతు అంది మిషను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని సూటిగా చూసింది. మేం చేతులు వదులుకునేలోపే తెర మీద గుర్తు వచ్చేసింది. రెండు కళ్ళకీ ఎరుపే. ఆ అమ్మాయి ఫొటో పెద్దది చేసి చూపించింది. పండిన బత్తాయిలా గుండ్రంగా ఉంది, మధ్యలోంచి నరాలు, అక్కడక్కడ నెత్తుటి చుక్కలు, నలకల్లా పసుపు మరకలు. మా అత్త తెరకి దాదాపు ముక్కు ఆనించి చూసింది.

తర్వాత అడిగింది, ఇది ఇంకేమంటోంది అని. పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళమంటోంది, అంతే, ఏం చెయ్యాలో డాక్టరు చెప్తారు, అని ఆ అమ్మాయి చెప్పిన మాటనే నేను తెలుగులో చెప్పాను. ఇంక సేసేది లేదని అనలేదా, అంది. అనలేదు, వెళ్ళమంది, అన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. ఆవిడ పెద్దగా ఊపిరి వదిలి, తిట్టలేదు కూడా కదే, నీకంటే నయం, అంది. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. అయినా ఆ పూట నా నోరు నేను కట్టేసుకున్నాను.

పెద్ద డాక్టరు కోరాపుట్‌లో. రాయగడ నుంచి కోరాపుట్ రైలు కొండల్లోంచి పోతుంది. ఒక సొరంగం దాటగానే ఇంకొకటి. మా అత్త ఆ దారిలో ఎప్పుడూ వెళ్ళలేదు. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. పెట్టెలో దీపాలు వెలగడం లేదు. మొదటి సొరంగంలోకి వెళ్ళగానే ఆవిడ వేళ్ళు నా మోచేతిలోకి దిగాయి. అంత గట్టిగా ఆవిడ నన్నెప్పుడూ పట్టుకోలేదు.

"ఒలే, ఇది నాకేనా, అందరికీనా?"

ఆవిడ వేళ్ళ మీద నా చెయ్యి వేశాను. "అందరికీనే అత్తా, గుహలోకెల్లినాం," అన్నాను. వెలుతురు వచ్చింది. వేళ్ళు వదులయ్యాయి. తర్వాతి సొరంగంలో మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను. ఎదురు బల్ల మీద అల్లం బుట్టతో ఆ కొండ ఊళ్ళ దేశియా ఆవిడ ఒకామె కూర్చుని ఉంది. ఆమెకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా చూస్తూ చూస్తూ ఆమెకి విషయం తెలిసిపోయింది. టికిరి స్టేషను దాటాక వచ్చిన సొరంగంలో, మా అత్త నోరు తెరిచేలోపే, చీకట్లోంచి ఆమె గొంతు వినిపించింది. అందరికీ, అందరికీ, అని తన భాషలో. పెట్టెలో ఇంకొకరెవరో కూడా అవునన్నారు. ఆ తర్వాత ఆవిడ అడగడం మానేసింది, కానీ వాళ్ళు చెప్పడం మానలేదు. కోరాపుట్ వచ్చేదాకా ప్రతి చీకట్లోనూ ఎవరో ఒకరు మా అత్తకి చెప్తూనే ఉన్నారు.

డాక్టరు చుక్కలు వేసి, మళ్ళీ తన కళ్ళతో చూశాడు. మిషను చెప్పింది నిజమే, కానీ ఎంతవరకు పాడైంది, ఏం చెయ్యాలి అన్నది ఆయన చెప్పాడు. కుడి కంట్లో నడిమధ్య నీరు చేరింది, సూదిమందు ఇస్తే చాలా మట్టుకు వస్తుంది. ఎడమది ఎక్కువ పాడైంది, లేజరు పెట్టి ఉన్న చూపు పోకుండా ఆపుదాం. షుగరు అదుపులో ఉండాలి. సూది కంట్లోకే అనేసరికి నాకు కళ్ళు తిరిగాయి. మా అత్త మాత్రం ఒక్కటే అడగమంది, ఆ సూది నా కాటుక పుల్ల కన్నా సన్నంగా ఉంటుందా అని. నేను హిందీలో అడిగాను. డాక్టరు చాలా చాలా సన్నం అన్నాడు. అయితే పెట్టెయ్యమను, అంది.

నెలకోసారి కోరాపుట్ వెళ్ళాం. సొరంగాలు మాకు అలవాటైపోయాయి. చలికి శాలువా కప్పుకుని, స్టేషను బయట వేడి వడ తిని, ఆసుపత్రిలో కూర్చుని, సాయంత్రం బండికి తిరిగొచ్చేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆ ప్రయాణాలు నాకు ఇష్టంగా ఉండేవి. పెళ్ళయినప్పటి నుంచి మేమిద్దరం పొయ్యి, కుళాయి మధ్య తప్ప ఎక్కడా కలిసి కూర్చోలేదు. రైల్లో ఆవిడ మా నాన్న చిన్నప్పటి సంగతులు చెప్పేది. నేను తిట్టడం కూడా కాస్త తగ్గించాను. ఆవిడే ఒకసారి, ఒంట్లో బాగోలేదేటే, అని అడిగింది.

కాటుక కంటి లోపల పెట్టొద్దని డాక్టరు చెప్పాడు, పసిపిల్లలకి అసలే వద్దన్నాడు. ఆ మాట ఆవిడకి సూది కంటే నొప్పి పెట్టింది. ఆ రోజు రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఇంటికొచ్చి రెండ్రోజులు ఆలోచించి, అరికాలికి అభ్యంతరం చెప్పాడా అని నన్ను అడిగింది. చెప్పలేదన్నాను. అప్పట్నించి మా లైనులో పిల్లలకి చుక్క అరికాల్లోనే పడుతోంది. డొరగుడ నుంచి మా అమ్మాయి పిల్లని తీసుకొచ్చినప్పుడు, మా అత్త ఆ బుల్లి పాదం గట్టిగా పట్టుకుని నడిమధ్య గుండ్రంగా పెట్టింది. పెట్టి, వేలు అలాగే గాల్లో ఉంచి చాలాసేపు చూసుకుంది.

మొన్న క్లబ్బు హాల్లో మళ్ళీ కంటి శిబిరం పెట్టారు. మా అత్త పొద్దున్నే వెళ్ళిపోయింది, నాతో చెప్పను కూడా లేదు. మధ్యాహ్నం కేరేజీ పట్టుకుని పరుగున వెళ్ళాను, వేళకి తినకపోతే షుగరు మనిషి పడిపోతుంది కదా అని. గేటు దగ్గరికి వచ్చేసరికి హాలు గుమ్మంలో కనబడింది. కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన బకెట్టు నీళ్ళు, ఒళ్ళో పాత పంచె ముక్కలు. కాటుక పెట్టుకొచ్చిన ప్రతి ఆడదాన్నీ ఆపి, గడ్డం పట్టుకుని కళ్ళు తుడిచి లోపలికి పంపుతోంది. ఎవరో ఒకావిడ నేను కడుక్కునే వచ్చానంటోంది. మా అత్త వినడం లేదు, వంగి వాసన చూస్తోంది. లోపల ఆ ఒరియా అమ్మాయి పగలబడి నవ్వుతోంది.

నేనింకా గేటు దాటి నాలుగు అడుగులు వేశానో లేదో, మా అత్త తల ఎత్తింది. కుడి కన్ను నా వైపు తిప్పి, లైను ఆడవాళ్ళందరూ వింటుండగా అరిచింది.

"ఏటే ఆ బొట్టు? పక్కకెల్లిపోనాది!"

అందరూ నా మొహంకేసి చూశారు. ఈ మాటకే కాపురానికొచ్చిన కొత్తలో ఎన్ని రాత్రులు దిండు తడిపానో, ఎన్ని గిన్నెలు విసిరానో. నేను బొట్టు సర్దుకోలేదు. నడుచుకుంటూ వెళ్ళి, కేరేజీ కింద పెట్టి, ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని మొహం పైకెత్తాను. ఆవిడ తడి వేలి గోటితో స్టిక్కరు లేపి తీసి, నా నుదుటి మధ్యన పెట్టి, ఒక్క నొక్కు నొక్కింది. కొంచెం వెనక్కి వంగి చూసుకుంది.

ఏడుస్తావేటే, నలుగురిలో, అని విసుక్కుని, ఒళ్ళోని పంచె ముక్కతో నా కళ్ళు కూడా తుడిచింది.